గోడకు బిగించిన నిచ్చెనను పట్టుకునే మనిషి

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది గోనెసంచులు దింపడానికి వచ్చిన ఆటో డ్రైవరు. ఖాళీ సంచుల కట్టలు గోడకు ఆనించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"అన్నా, మీ పాత మిల్లులో ఉండె గదా నిచ్చెన మామ, పోయినాడంట. వారమాయె."

"యాడ?"

"చిలమత్తూరులోనే, వాళ్లింట్లో. నిద్దర్లోనే పోయినాడంట. నీకి తెలీదా?"

నాకు తెలియదు. ఏడుపు కూడా రాలేదు. అప్పుడు మొదట వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అది రాయకపోతే ఇదంతా రాయడం దండగ. అయితే ఇంక నాకు ఎప్పటికీ తెలియదన్నమాట, అనుకున్నాను. ఆ వానరోజు ఆయన మిద్దె మీద ఉండగా గవాచి మూసి గడియ పెట్టినవాణ్ణి నేను. ఆ సంగతి ఆయనకు తెలుసా, తెలియదా? ఏడేళ్లుగా నన్ను తిన్న ప్రశ్న ఇదొక్కటే. అడుగుదామని ఒకసారి బస్సెక్కి వెళ్లి కూడా అడగకుండా తిరిగొచ్చాను.

మట్టిమిద్దెలు ఎరిగినవాళ్లకు గవాచి అంటే చెప్పనక్కర్లేదు. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. మా అనంతపురం వైపు మిద్దె కప్పులో మూరెడు బొక్క వదులుతారు. వెలుతురు వచ్చేది అందులోంచే, పొయ్యి పొగ పోయేది అందులోంచే. మా మిల్లు గోడౌనుది సిమెంటు మిద్దె. అయినా దాని మీదికి ఎక్కడానికి కప్పులో వదిలిన నలుచదరపు దారిని కూడా అందరం గవాచి అనే అనేవాళ్లం.

తొంభైల చివర్లో నేను గోరంట్ల దారిలో ఉన్న వేరుశనగ మిల్లులో స్టోర్‌ కీపరుగా చేరాను. కాయలు వలిచి, గింజలు ఏరించి, సంచులకెత్తి పంపే మిల్లు. ఓనరు మా వైపు పొలాలున్న కుటుంబం మనిషి. వారంలో సగం రోజులు రాజకీయం, సగం రోజులు మిల్లు. నేను చేరిన ఆరునెలలకు ఈయన ఫిట్టరుగా వచ్చాడు. అప్పటికే యాభై అయిదు దాటాయేమో. సన్నటి మనిషి, గడ్డం తెల్లబడింది, చొక్కాకు మెడ దగ్గరి గుండీ వరకూ పెట్టుకునేవాడు. బెంగుళూరు వైపు ఏదో పెద్ద ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేసి సొంతూరు చేరుకున్నాడని చెప్పారు. తురకల ఇంటి మనిషే గానీ మిల్లులో అందరికీ మామే. పేరు రాయడం నాకు ఇష్టం లేదు. ఎందుకో చివరికొచ్చేసరికి తెలుస్తుందేమో. నాకే సరిగ్గా తెలియదు.

కొత్తగా వచ్చిన ఫిట్టరు ఎవరైనా మొదట మిషన్లు చూస్తాడు. ఈయన "నిచ్చెన యాడ పెట్టినారు?" అని అడిగాడు. గోడౌను మూల ఉన్న వెదురు నిచ్చెన చూపించాను. దాన్ని నేల మీద పడుకోబెట్టి, ఒక్కో మెట్టు మీద బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత లేచి చెప్పులు విడిచి, వరసగా ఒక్కో మెట్టు మీద కాలేసి తొక్కాడు. పదమూడు మెట్లలో నాలుగు విరిగాయి. చప్పుడు విని ఓనరు ఆఫీసులోంచి బయటికొచ్చాడు.

"ఏమప్పా, వచ్చిన పొద్దే మిల్లు సామాను ఇరగ్గొడితివి?"

"నేను ఇరగ్గొట్టలేదన్నా. అది ఇరిగే ఉండాది. మీకి చూపిచ్చినా, అంతే."

ఓనరుకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. మేమందరం ఈ మనిషి సాయంత్రానికి ఇంటికి పోతాడని అనుకున్నాం. ఆయన పోకపోగా ఓనరు చేత ఇనుము తెప్పించాడు. అదెట్లా సాధ్యమైందో నాకు ఇవాళ్టికీ అంతుపట్టదు. మాకు ఫ్యాను రెక్క వంగితే మూడునెలలు తిప్పించే మనిషి ఆ ఓనరు.

ఇనుప నిచ్చెన చేయడానికి ఎనిమిది రోజులు పట్టింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఒకటే ఉండాలని టేపుతో కొలిచి, నమ్మకం చాలక మళ్లీ జానతో కొలిచాడు. గోడకు మరీ ఆనించకుండా పాదం ముందుభాగం పట్టేంత సందు వదిలాడు. మా గోడౌనులో నేలంతా వేరుశనగ నూనె జిడ్డు, ఆ జిడ్డు కాళ్లకు అంటుతుంది. అందుకని ప్రతి మెట్టు మీదా ఉలితో గాట్లు పెట్టాడు. ఇంతవరకూ మాకు అర్థమైంది. కానీ నిచ్చెన రెండు కమ్మీలనూ గవాచితో ఆపకుండా, మిద్దె దాటి మనిషి నడుము ఎత్తు దాకా పైకి తీసుకుపోయాడు. దీనికి మాత్రం మిల్లంతా నవ్వింది. గింజలు ఏరే ఆడవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది, నోరు మంచిది కాదు, మనసు మంచిది. ఆమె చేటలో గింజలు ఏరుతూనే అంది.

"మామా, ఇంగా రెండు మూరలు పెంచినావంటే మబ్బు అందుతాది. ఒక చెంబుడు నీళ్లన్నా దించుకొస్తాము."

"నవ్వుతా ఉండు. నిచ్చెన దిగేటప్పుడు మిద్దె మీద నిలబడి ఏం పట్టుకుంటావు? గాలిని పట్టుకుంటావా?" అన్నాడాయన, వెల్డింగు చేసిన చోటు ఆకురాయితో రాకుతూ.

ఆమె చేట ఒకసారి చెరిగి, "నేను యాడ ఎక్కుతాను మామా" అంది. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కుర్రాళ్లను పైకి ఎక్కించి, గవాచికి మూడువైపులా ఇనుప కమ్మీ కట్టించాడు, నాలుగో వైపు గొలుసు వేయించాడు. మూత గాలికి దబ్బున పడకుండా వెనక్కి వాల్చి తగిలించే కొక్కెం పెట్టించాడు. లోపలివైపు గడియ. నిచ్చెన అడుగున గోడకు ఒక బడిపలక వేలాడదీసి, బలపం దారంతో కట్టాడు. పైకి పోయేవాడు దాని మీద పేరు రాయాలి, దిగొచ్చి తుడిచేయాలి. రాయడం రానివాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు నేర్పాడు. ఒకడికి సున్నా, ఒకడికి ఇంటూ, ఒకడికి చేప.

వారానికోసారి మిద్దె మీది గొట్టంలో పొట్టు అడ్డుపడేది, లేదంటే అక్కడి నీళ్ల తొట్టిలో నాచు పట్టేది. ఎవరో ఒకరు ఎక్కాల్సిందే. అప్పుడు మొదలయ్యేది ఈయన బడి.

"ఎక్కేటప్పుడు నీకి చేతులు లేవు. అవి నిచ్చెనవి. స్పానరు బొక్కెనలో పెట్టి తాడుతో లాక్కో."

"మొగం నిచ్చెనకి. వీపు లోకానికి."

"మూడు పట్టుకోని ఒకటి మార్చు. చెయ్యన్నా కాలన్నా, ఒకటే."

ఈ మాటలు ఎన్నిసార్లు విన్నామంటే, భోజనాల వేళ కుర్రాళ్లు ఆయన గొంతు పెట్టి వెక్కిరించేవాళ్లు. ఆయన విని, "లాస్టు ముక్క తప్పు చెప్పినావు" అని సరిదిద్దేవాడు. ఆ మనిషికి వెక్కిరింత అర్థమయ్యేదా, అయ్యీ కానట్టు ఉండేవాడా అనేది కూడా నాకు తెలియదు. ఆయన గురించి నాకు తెలిసినవి చేతులూ మాటలే. లోపల ఏముందో కనుక్కోలేకపోయాను.

ఎవరైనా ఎక్కుతుంటే ఆయన కింద నిలబడి రెండు చేతులతో నిచ్చెన పట్టుకునేవాడు. దాన్ని ఎనిమిది బోల్టులతో గోడకు దగ్గరుండి బిగింపజేసింది ఆయనే. అది కదలదు. ఏనుగు ఎక్కినా కదలదు. అయినా ఎక్కినవాడు పైకి చేరి గొలుసు తగిలించేదాకా పట్టుకునే ఉండేవాడు. నాకు చూసీ చూసీ చిరాకేసి ఒకరోజు అడిగేశాను.

"మామా, బోల్టులు నువ్వే బిగిచ్చినావు గదా. ఇంగ పట్టుకునేది ఏంటికి?"

"నేను బిగిచ్చినాననే పట్టుకుంటాండా అల్లుడూ" అన్నాడు.

ఆ మాటకు అర్థం ఏమిటో నాకు ఆ రోజు తెలియలేదు. తెలిసిందని చాలాసార్లు అనుకున్నాను గానీ, ప్రతిసారీ వేరే అర్థం తెలిసింది.

ఇంకో సంగతి. ఆయన మాత్రం ఎక్కేవాడు కాదు. నాలుగేళ్లలో మూడో మెట్టు పైన ఆయన్ని చూసినవాడు లేడు. కింద నిలబడి, పైన పనిచేసేవాడికి కేకలేసి చెప్పి పని చేయించేవాడు. పైన ఏ బోల్టు ఎక్కడుందో, ఏ మూల సిమెంటు పగిలిందో అంతా చెప్పేవాడు, ఎక్కకుండానే. ఎందుకెక్కడని మిల్లులో ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పుకున్నారు. పాత ఫ్యాక్టరీలో ఈయన కళ్లముందే ఎవరో నిచ్చెన మీదనుంచి పడి చచ్చిపోయాడని ఒక కథ. పడింది ఈయనేనని ఇంకో కథ. నేను అడిగితే మూడుసార్లకు మూడు జవాబులు చెప్పాడు. ఒకసారి కళ్లు తిరుగుతాయన్నాడు. ఒకసారి మోకాలు బాగలేదన్నాడు. మూడోసారి "నేను ఎక్కితే కింద పట్టుకునేది ఎవరు?" అన్నాడు. నవ్వుతూ అన్నాడా అంటే, నవ్వలేదు.

ఇప్పుడు గవాచి మూసే సంగతి చెప్పాలి. నా తప్పంతా అక్కడే ఉంది.

మా ఇళ్లలో చినుకు పడిందంటే మొదట జరిగే పని గవాచి మూయడం. ఎవరు దగ్గరుంటే వాళ్లు, అన్నం తింటున్నా సరే, ఎంగిలి చేత్తోనే మిద్దె ఎక్కి బొక్క మీద బండో మూకుడో బోర్లించి వస్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. మాకు వానలే తక్కువ కాబట్టి నిజానికి ఆ అలవాటు పోవాలి. పోలేదు సరికదా, ఎప్పుడో ఒకసారి వచ్చే పని కాబట్టి మరింత ఆత్రంగా చేస్తాం. అయితే ఇంటి గవాచిని పైనుంచి మూస్తాం. మూసేవాడు మిద్దె మీదే నిలబడి ఉంటాడు. అక్కడ ఇంకెవరున్నా కంటికి కనిపిస్తారు. మిల్లు గవాచిని లోపలినుంచి, నిచ్చెన మీద నిలబడి మూయాలి. ఈ తేడా మాలో ఎవరి బుర్రకూ తట్టలేదు. ఆయన ఒక్కడికే తట్టింది.

"ఇది ఇంటి గవాచి కాదు. మూసే ముందర తల బయటపెట్టి నాలుగు దిక్కులూ చూడు. పైన ఎవురూ లేరని నీకి తెలిసినా మూడు తూర్లు పిలువు. పేరు తెలిస్తే పేరు పెట్టి పిలువు. జవాబు రాకపోతేనే మూయి."

ఎవరూ లేని మిద్దె మీదికి "పైన ఎవురన్నా ఉండారా?" అని మూడుసార్లు అరవడానికి అందరికీ సిగ్గు. ఆయన కింద నిలబడి అరిపించేవాడు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆయన లేనప్పుడు ఎవరూ అరిచేవాళ్లు కాదు. నేను అసలే అరిచేవాణ్ణి కాదు. నేను స్టోర్‌ కీపరుని, నాకో మర్యాద ఉందనుకునేవాణ్ణి.

రెండేళ్లుగా సరైన వాన లేదు. ఆ ఏడు కూడా చేలల్లో కాయ లేక, మిల్లుకు కర్ణాటక వైపు నుంచి కాయలు తెప్పిస్తున్నారు. ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటాక పడమట నల్లగా లేచింది. మొదట దుమ్ము వచ్చింది. తలుపులు కొట్టుకున్నాయి. ఆడవాళ్లు చేటలు పడేసి పెరట్లోకి పరుగెత్తారు. నేను మాత్రం గోడౌనులో ఉన్నాను. గవాచి కింద ఆ రోజు ఏరిన గింజలు కుప్పగా పోసి ఉన్నాయి, తడిస్తే బూజు పడతాయి. రెండు చినుకులు గింజల మీద పడటం చూశాను. అంతే, కాళ్లు వాటంతటవే నిచ్చెన ఎక్కేశాయి.

పలక చూశానా? చూశాననే అనుకుంటాను, కానీ ఒట్టు వేయలేను. తల బయట పెట్టలేదు, దుమ్ము కళ్లలో పడుతోందని తల దించుకుని, చెయ్యి మాత్రం చాపి కొక్కెం తీశాను. మూత లాగి గడియ పెట్టాను. పిలవలేదు. ఆ రోజు గురించి నాకు కచ్చితంగా తెలిసింది ఇదొక్కటే. పిలవలేదు.

దిగి, నేనూ పెరట్లోకి పోయాను. వాన దబదబా పడుతోంది. అందరూ తడుస్తున్నారు. పక్క షెడ్డు రేకుల మీద ఆ చప్పుడుకు పక్కవాడి మాట వినపడటం లేదు. ఓనరు కూడా వరండాలో నిలబడి అరచెయ్యి బయటికి చాచాడు. అంత సంతోషంగా ఆ మిల్లు మళ్లీ ఎప్పుడూ లేదు. ఆయన ఎక్కడని ఎవరికీ అనుమానం రాలేదు. నమాజుకు పోయుంటాడనుకున్నాం, అసలు అనుకున్నామో లేదో కూడా గుర్తులేదు. అరగంట తర్వాత మెరుపులు ఎక్కువయ్యాయి. రోడ్డవతల ఎక్కడో పిడుగు పడింది. ఆ వెంటనే మిల్లు వెనక నుంచి ఏదో పడిన చప్పుడూ, కేకా ఒకేసారి వినిపించాయి.

మిద్దె మీద ఉన్నది ఆయనే. ఎప్పుడూ ఎక్కని మనిషి ఆ రోజు ఎక్కాడు. కింద పట్టుకునేవాడు లేకుండా, ఎవరికీ చెప్పకుండా ఎక్కాడు. పిడుగులు పడుతుంటే, బోడి మిద్దె మీద, ఇనుప గొట్టం పక్కన ఎంతసేపు నిలబడతాడు? మూత బాదీ బాదీ, చివరికి వెనకగోడకున్న పొట్టు గొట్టం పట్టుకుని దిగబోయాడు. సగంలో చెయ్యి జారింది. కింద పొట్టు కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది.

అందరూ ఆయన దగ్గరికి పరుగెత్తారు. నేనూ రెండడుగులు వేశాను. తర్వాత వెనక్కి తిరిగి గోడౌనులోకి పోయాను. నిచ్చెన ఎక్కి గడియ తీసేశాను. మూత అలాగే ఉంచి, గడియ మాత్రం తీసి దిగాను. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. దిగాక పలక చూశాను. ఖాళీగా ఉంది. ఆయన పేరు రాయలేదు. అది చూసి నాకు ఊపిరి ఆడింది. మనిషి అక్కడ మూలుగుతుంటే ఇక్కడ ఖాళీ పలక చూసి నేను తెరిపిన పడ్డాను. ఆ తెరిపి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాలుగు రోజులకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు మిల్లు చూశాడు. నిచ్చెన చూసి, ఇంత బాగా కట్టిన నిచ్చెన ఈ జిల్లాలో చూడలేదన్నాడు. తర్వాత ఆస్పత్రికి వెళ్లి ఆయన మాట రాసుకున్నాడు. రిజిస్టరు పట్టుకుని నేనూ వెంట వెళ్లాల్సి వచ్చింది. కాలికి ఇటుకలు వేలాడగట్టి పడుకోబెట్టారు. మొహం చిక్కిపోయింది. చొక్కా మాత్రం మెడ దగ్గరి గుండీ వరకూ పెట్టే ఉంది.

"మూత ఎవరు మూశారు?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"నేనే మూసినా సార్. గింజలు తడుస్తాయని."

"గడియ పడలేదు కదా. మరి మూత ఎత్తుకుని దిగొచ్చు కదా?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం నాకు బాగా గుర్తుంది. గడియ పడి ఉందని ఆయన చేతులకు తెలుసు, అరగంట బాదిన చేతులవి. ఇప్పుడు గడియ లేదంటున్నారు. అంటే ఎవరో పెట్టారు, ఎవరో తీశారు.

"జడిసినా సార్. బుర్ర పనిచేయలా. గొట్టం పట్టుకుంటే బిరీన దిగొచ్చులే అనుకొంటి."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. ఫిట్టరు పలకలో పేరు రాయకుండా, తోడు లేకుండా ఎక్కి, తనే మూత మూసుకుని, భయపడి, దిగకూడని చోట దిగి పడిపోయాడు. నాలుగేళ్లు మాకు నిచ్చెన నేర్పిన మనిషి గురించి కాగితం మీద చేరిన మాటలు ఇవి. ఓనరుకు ఇవి చాలా నచ్చాయి. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పడుతుందేమో. నాకప్పుడు పెళ్లి కుదిరింది. ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ ఇవేవీ లేకపోయినా తెరిచేవాణ్ణేమో చెప్పలేను. వచ్చేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. తెలియక చూడలేదా, తెలిసి చూడలేదా? బస్సులో అంతా అదే ఆలోచన.

ఆయన మళ్లీ మిల్లుకు రాలేదు. చిలమత్తూరులో ఇంటి ముందు కూర్చుని స్టవ్వులూ పంపు మోటార్లూ బాగుచేసేవాడు. మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం నేను వెళ్లాను. మాటలు కూర్చుకుని, బస్సులో నాలుగైదుసార్లు లోపల్లోపల అప్పజెప్పుకుని మరీ వెళ్లాను. నన్ను చూసి ఆయన సంతోషపడ్డాడు. చేతికర్ర పక్కన పెట్టి, టీ తెప్పించాడు. మా పిల్లవాడి గురించి, ఆ ఏటి కాయల గురించి అడిగాడు. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"మామా, ఆ పొద్దు..."

"ఆ పొద్దు మంచి వాన పడె" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాను.

"అది కాదు మామా, నేను గోడౌనులో..."

"గింజలు తడవలా గదా?"

"తడవలా."

"ఇంగేం మరి. టీ తాగు."

ఇంకోసారి నోరు తెరవబోతే, లోపలి నుంచి స్టవ్వు పిన్ను తెచ్చిపెట్టమన్నాడు. తెచ్చిచ్చేసరికి ఎవరో మోటారు పట్టుకొచ్చారు. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేశాను. ఆయన కావాలనే అడ్డం పడ్డాడా, లేక నాకు చెప్పే ధైర్యం లేక ఆయన మాటల్ని అడ్డం పెట్టుకున్నానా? ఆలోచిస్తే ఒకరోజు ఒకటి నిజమనిపిస్తుంది, ఇంకో రోజు రెండోది. తర్వాత నేను ఆ మిల్లు మానేసి, ఇప్పుడు పనిచేస్తున్న ఈ గోడౌనుకు మారాను. ఇక్కడ కూడా నిచ్చెన గోడకు బిగించే ఉంది, నేనే పట్టుబట్టి పెట్టించాను. ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే నాకు ముళ్ల మీద ఉన్నట్టుంటుంది.

ఆటో డ్రైవరు చెప్పిన మర్నాడు సెలవు పెట్టి చిలమత్తూరు వెళ్లాను. ఇంటి ముందు స్టవ్వులు లేవు. అరుగు కడిగి ఉంది. ఆయన భార్య గడపలో చాప మీద కూర్చుని ఉంది. నేను ఆమెను ఒక్కసారే చూశాను, అదీ టీ ఇస్తుండగా. నేను ఎవరో చెప్పుకోబోతుంటే ఆమే అంది.

"నువ్వు మిల్లులో స్టోరు చూస్తాంటివే, ఆ అబ్బివి గదా?"

"అవునత్తా."

"వస్తావని చెప్పినాడు."

ఎవరు చెప్పారని అడగనక్కర్లేదు. కూర్చున్నాను. లోపల ఎవరో గిన్నెలు తోముతున్నారు. ఆమె చాప అంచు సర్దుతూ చాలా మామూలుగా చెప్పింది.

"ఆ వాన పొద్దు సంగతి నాకి ఒక్కదానికే చెప్పినాడు. గవాచి మూసింది నువ్వేనని చెప్పినాడు. మూసే ముందర నువ్వు పేరు పెట్టి మూడు తూర్లు పిలిచినావంట. ఆయనే పలకలేదంట."

తెలుసు. ఆయనకు తెలుసు. ఏడేళ్ల ప్రశ్నకు జవాబు అలా చాప మీద దొరికింది. కానీ దాని పక్కనే ఇంకొకటి పుట్టింది.

"ఏంటికి పలకలేదంట?" అన్నాను.

"వాన వచ్చేది చూస్తా నిలబడినాడంట, మన ఊరి దిక్కు. ఆడినుంచి చూస్తే కొండల మీదినుంచి వచ్చేది బాగా కనపడతాదంట. పలికితే, మామ మిద్దె ఎక్కినాడని మిల్లంతా నగుతారని ఊరకుండినాడంట. ఆ పిల్లోడిది ఏం తప్పు లేదు, నేర్పిచ్చినట్టే చేసినాడు అన్న్యాడు."

ఆ మాట పట్టుకుని లేచి వచ్చేయొచ్చు. నా తప్పు తీసి పక్కన పెట్టి, దాని మీద మూత కూడా వేసి ఇచ్చారు. ఆమెకు నేను మంచివాణ్ణి. ఆయన మాటలో కూడా నేను మంచివాణ్ణే. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, పిలిచానేమోనని. ఆ దుమ్ములో, ఆ ఆత్రంలో, అలవాటుగా నోట్లోంచి ఒక కేక వచ్చిందేమో. లేదు, రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలనిపించింది. ఆయనకు చెప్పలేనిది ఈమెకన్నా చెప్పకపోతే ఇక ఎవరికీ చెప్పలేను.

"అత్తా, నేను పిలవలా" అన్నాను. "ఒక్క తూరి కూడా పిలవలా. తల పెట్టి చూడనూ లేదు. మూసి గడియ పెట్టినా. మామ పడినాక, అందరూ ఆడికి పోతే నేను ఎనక్కి పోయి గడియ తీసేసినా. మామ పలకలేదన్నది అబద్ధం. నేనే పిలవలా."

ఆమె కోప్పడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇట్లంటావనీ చెప్పినాడు."

"ఏమని అత్తా?"

"ఆ పిల్లోడు ఎప్పుడో ఒకపొద్దు వచ్చి, నేను పిలవలేదు అంటాడు, నువ్వు నమ్మొద్దు, అన్న్యాడు."

నేను చీకటి పడేదాకా అక్కడే కూర్చుని ఆమెను నమ్మించడానికి ప్రయత్నించాను. ఆమె నమ్మలేదు.